ఒప్పుకోలు బల్ల

సోమవారం

పొద్దున్నే పైకెక్కి సోలార్ పలకల మీది దుమ్ము తుడిచి వచ్చాను. ఈ పని నాకు ఎవరూ చెప్పలేదు. ఎండ మొహం చూడవచ్చని నేనే చేస్తాను. దూరంగా రోడ్డు మీద ఒక బండి ఆగి కనిపించింది. ఎవరైనా దిగి ఇటు వస్తారేమోనని చెవుల్లో దూది పెట్టుకుని, గంట తాడు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి బండి పోయింది. దూది తీసి కొంగున ముడేసుకుని బాయిలోకి దిగాను.

మేము ఉండేది రెండో లెవెల్‌లో. ఎప్పుడో బొగ్గు అయిపోయి వదిలేసిన బాయి ఇది. దిగీ దిగగానే కాళ్ళకు తడి తగిలింది. నిన్న అక్కడ తడి లేదు.

మూడో లెవెల్‌లో పంపు ఉంది. అది నీళ్ళు లాగి బయట పోస్తున్నంత కాలం మా ఇళ్ళు పొడిగా ఉంటాయి. పంపు మూతికున్న ఇనుప జాలిలో బురద పేరుకుపోతే ఎవరో ఒకరు దిగి చేత్తో తీయాలి. అక్కడి గాలి మంచిది కాదు. ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత దగ్గు పట్టుకుంటుంది, ఆ తర్వాత మనిషి మెట్లు ఎక్కలేడు. ఇన్నాళ్ళూ ఆ పనికి దిగింది రాజలింగం. పోయిన నెల చనిపోయాడు.

మధ్యాహ్నం ఓదెలు బల్ల దగ్గరికి వచ్చాడు. నీళ్ళు, కరెంటు చూసుకునే పెద్ద ఆయనే. నేను బల్లపెద్దను. మా దగ్గర ఎవరికి ఎవరితో పని ఉన్నా ఈ బల్ల దగ్గరే అడగాలి. కావలసింది ఒక్క మాటలో చెప్పాలి. రెండో మాట ఎత్తితే నేను చేయి అడ్డం పెడతాను. ఎదుటి మనిషి తనను ఒప్పించడానికి పాచికల మీద ఎన్ని ఆర్లు పడాలో చెబుతాడు. ఒకటి అనవచ్చు, రెండు అనవచ్చు, మూడుకు మించి అనకూడదు. అడిగేవాళ్ళకు నేను రెండు పాచికలు ఇస్తాను. వాళ్ళ వెనక నిలబడే ఒక్కొక్క మనిషికీ ఒక్కో పాచిక కలుపుతాను. అన్నీ ఒకేసారి వేయాలి. చెప్పినన్ని ఆర్లు పడితే ఎదుటి మనిషి ఒప్పుకున్నట్టు.

"కైలాసం మూడో లెవెల్ దిగి జాలి తియ్యాలె" అన్నాడు ఓదెలు.

కైలాసం నా భర్త.

ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. "మూడు" అన్నాడు.

ఓదెలు వెనక నలుగురు నిలబడ్డారు. ఆరు పాచికలు లెక్కపెట్టి ఆయన చేతిలో పోశాను. ఒక్కటే ఆరు పడింది.

"పడలే" అన్నాను.

ఓదెలు తల ఊపి పాచికలు నాకు తిరిగి ఇచ్చాడు. ఒకసారి పడకపోతే, సంగతి మారితే తప్ప అదే మళ్ళీ అడగకూడదు. అది కూడా రూలే.

ఇంటికి వచ్చి జొన్న గటక కాచాను. కైలాసం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. తర్వాత కూర్చుని, అసలు తెగనే లేని చెప్పులు కుట్టాడు.

బుధవారం

నీళ్ళు మా వీధి మొదటి మెట్టు దాటాయి. ప్రమీల పుట్టగొడుగుల పందిట్లోకి కూడా వచ్చాయి. ప్రమీల రాజలింగం కూతురు. ఇంకా తండ్రి పోయిన దుఃఖంలోనే ఉంది. గడ్డిమోపులు ఒక్కొక్కటే ఎత్తి పై అరల మీద పెడుతుంటే వెళ్ళి సాయం పట్టాను.

"పెద్దమ్మా, ఇవి మురిగిపోతె ఈ నెల కూరకేం లేదు" అంది.

"పోవులే, ఆరబెడదాం" అన్నాను. ఎక్కడ ఆరబెడతామో నాకూ తెలియదు.

ఓదెలు మళ్ళీ వచ్చాడు. "సంగతి మారింది సారక్కా. నాడు మెట్టు కింద ఉండె, ఇయ్యాల మెట్టు మీదికొచ్చింది." నిజమే. నేను కాదనలేను. మళ్ళీ పాచికలు ఇచ్చాను. ఈసారి ఆయన వెనక ఎక్కువమందే నిలబడ్డారు. కైలాసం మళ్ళీ మూడు అన్నాడు. రెండు ఆర్లు పడ్డాయి. మూడో పాచిక అంచు మీద దొర్లి, ఆరు చూపించి, పక్కకు పడింది. జనం నోట్లోంచి ఒకటే నిట్టూర్పు వచ్చింది. వాళ్ళు నా భర్త తప్పించుకున్నందుకు నిట్టూర్చలేదని నాకు తెలుసు.

కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఇక్కడికి రాకముందు మేము చూసింది ఇంతకన్నా పాడు. ఆ రోజుల్లో అందరికీ చెవిబిళ్ళలు ఉండేవి. ఎదుటి మనిషి మొహం చూసి, ఏ మాట అంటే ఆ మనిషి కరుగుతాడో చెవిబిళ్ళ చెవిలో చెప్పేది. మా అమ్మ దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. నవ్వుతూ కూర్చుంది. సాయంత్రానికి మా అమ్మ ఇల్లూ, పసుపు చేనూ ఆ పిల్ల పేర రాసిచ్చి, పోయేటప్పుడు చాయ్ కూడా పోసింది. చచ్చిపోయేదాకా "మంచి పిల్ల" అనే అంది. అలా ఉన్నదంతా ఊడిపోయినవాళ్ళం, సిగ్నల్ అందని చోటు వెతుక్కుని ఈ బాయిలోకి దిగాం. పైన ఎవరైనా కనిపిస్తే చెవుల్లో దూది పెట్టుకునేదీ, కింద వాళ్ళకు గంట కొట్టేదీ అందుకే.

దిగిన మొదటి ఏడే పడుకునే చోటు దగ్గర ఇద్దరు కొట్లాడుకున్నారు. ఒకడు గడ్డపారకు బలి అయ్యాడు. కూర్చుని మాట్లాడుకుందామంటే ఎవరూ కూర్చోలేదు. తియ్యగా మాట్లాడేవాడిని చూస్తే చాలు, జనం చెవులు మూసుకునేవారు. అప్పుడు ఓదెలే తన సంచిలోంచి పాచికలు తీశాడు. ఓదెలు, రాజలింగం, కైలాసం, నేను పై లోకంలో ఉన్నప్పుడు కథల ఆట ఆడేవాళ్ళం. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్ళు దొంగ, రాణి, వైద్యుడు అయ్యే ఆట. ఎదుటివాళ్ళను ఎలా ఒప్పించాలో ఆ ఆటకు రూల్సు ఉన్నాయి. మాట మీద నమ్మకం పోయినవాళ్ళకు పాచికల మీద నమ్మకం కుదిరింది. తియ్యటి నోరు ఉన్నవాడికీ లేనివాడికీ అవే రెండు పాచికలు. ఆ రోజు అది ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పుడు చెప్పలేను. నేను ఏడ్చాను.

ఇంకో రూల్ కూడా ఉంది. పెద్దయ్యాక ప్రతి మనిషీ బల్ల ముందు ఒక గీత గీసుకోవచ్చు. ఈ ఒక్క సంగతిలో నన్ను ఎవరూ అడగకూడదని. ఒక్కటే గీత, ఒక్కసారే. మా వయసువాళ్ళం అందరం ఒకటే గీసుకున్నాం: చెవిబిళ్ళ పెట్టుకోను. కైలాసం గీత కూడా అదే. చెవిబిళ్ళ ఈ బాయిలో పనిచేయదు. ఎవరూ ఎప్పటికీ అడగని దానికి మా గీతలన్నీ ఖర్చు పెట్టుకుని కూర్చున్నాం.

శుక్రవారం

ఓదెలు ఇంటికి నేనే వెళ్ళాను. బల్లపెద్ద ఎవరినీ ఏమీ అడగకూడదు కాబట్టి, అడగడానికి రాలేదని ముందే చెప్పాను. ఆయన పీట వేసి కూర్చోమన్నాడు. తడిసిన బ్యాటరీ తీగలు తుడుస్తున్నాడు.

"వంతులు పెట్టుకుంటె ఏమైతది ఓదెలన్నా" అన్నాను. "తలా ఒకపారి దిగుతరు. ఒక్కల మీదనే పడది."

ఆయన తీగలు పక్కన పెట్టాడు. "వంతంటె బలవంతమే గదా సారక్కా. ఇష్టమున్నా లేకున్నా నీ వంతొచ్చింది దిగు అనుడు. మనం గా బతుకు వద్దనే గదా ఈ బాయిలకొచ్చింది. ఈడ ఎవలను ఎవలు మెడ పట్టి నూకరు. అడుగుతం. ఒప్పుకుంటె పోతరు."

"మూడుపార్లు అడిగితె ఎవలైనా ఒప్పుకుంటరు. పాచికలు గట్లనే పడ్తయి."

"పడితె ఒప్పుకున్నట్టే."

"నిన్నెవలన్న అడిగిన్రా?"

"అడిగితె పోత" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. నా కళ్ళలోకి చూసే అన్నాడు. "ఎవలు అడుగుతలేరు. నేనేం జేతు?"

వస్తుంటే బ్యాటరీ మంచిదొకటి చేతిలో పెట్టి, మీ దీపం మసకగా ఉంది, మార్చుకో అన్నాడు. నిన్న చూశాడట.

ఆదివారం

ఆదివారం సాయంత్రం మేము ఇప్పటికీ కథల ఆట ఆడుకుంటాం. రాజలింగం చోటు ఖాళీగానే ఉంచాం. ఆట మొదలుపెట్టే ముందు కైలాసం లేచి బల్ల ముందుకు వచ్చాడు. నాకు ముందు చెప్పలేదు.

"ఓదెలన్న నాకు బదులు మూడో లెవెల్ దిగాలె" అన్నాడు.

ఓదెలు నవ్వలేదు, కోపగించుకోలేదు. ఆలోచించాడు.

"మూడు" అన్నాడు.

నేను కైలాసానికి రెండు పాచికలు ఇచ్చాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఉన్నవాళ్ళలో సగం మంది ఆయన చేతి సాయం తీసుకున్నవాళ్ళే. ఒకరి తలుపు, ఒకరి మంచం, ఒకరి పొయ్యి. వాళ్ళు ఓదెలు నీళ్ళు కూడా తాగుతారు. ఎవరూ కదలలేదు. నేను కదలడానికి లేదు. బల్లపెద్ద ఎవరి వెనకా నిలబడకూడదు.

రెండు పాచికలతో మూడు ఆర్లు పడవు. అది కైలాసానికీ తెలుసు. అయినా వేశాడు. ఒకటీ, నాలుగూ పడ్డాయి. "పడలే" అని నేను చెప్పాల్సి వచ్చింది.

తర్వాత ఆట ఆడాం. ఓదెలు ఎప్పటిలాగే పడవ వ్యాపారి. కైలాసం అడవి దొంగ. వ్యాపారి దొంగను ఏదో గుహలోకి పొమ్మని ఒప్పించాడు. దొంగ పోయాడు, గుహలో పులి తినేసింది. అందరూ నవ్వారు. కైలాసం కూడా నవ్వాడు. ఆటలో ఒప్పుకునేది మనం ఆడించే బొమ్మ. బొమ్మ చచ్చిపోతే ఇంకో బొమ్మను తెచ్చుకుంటాం.

మంగళవారం

ఓదెలు గుడ్డలో బొగ్గుపొడి కుట్టి ముక్కుకు కట్టుకునే తొడుగు ఒకటి చేసుకొచ్చాడు. "సంగతి మారింది సారక్కా. నాడు తొడుగు లేకుండె, ఇప్పుడున్నది."

"నువ్వే మార్చినవ్ గదా" అన్నాను. "అడిగేటోడు తానే మార్చుకుంటె అది మారినట్టెట్లయితది?"

"గట్లని రూల్ ఉన్నదా?"

లేదు. పాచికలు పిడికిట్లో పట్టుకుని జనం వైపు చూశాను. అందరూ మోకాళ్ళ దాకా బట్టలు ఎత్తి కట్టుకుని ఉన్నారు. ఎవరైనా ఒక్కరు, సారక్క చెప్పింది నిజమే అంటారేమోనని చూశాను. మా అందరిలో పెద్దది సుగుణవ్వ. ఆమె గొంతు సవరించుకుంది.

"రూల్ల లేదు బిడ్డా" అంది.

పాచికలు ఇచ్చాను. కైలాసం మళ్ళీ మూడే అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి ఓదెలు వెనక నిలబడ్డారు. చివరికి ప్రమీల కూడా వెళ్ళింది. తండ్రి ఆ గాలికే పోయిన పిల్ల. కింద నీళ్ళ వైపు చూస్తూ నడిచి, వరుస చివర నిలబడింది. పాచికలు ఆయన రెండు చేతుల్లో పట్టలేదు. సుగుణవ్వ కొంగు పరిచింది. అందులోంచి దొర్లించారు.

నాలుగు ఆర్లు పడ్డాయి.

ఒప్పుకున్న మనిషి అందరి ముందూ "నాకు ఇష్టమే" అనాలి. ఆ తర్వాత దానికి ఎదురు మాట్లాడకూడదు, ఇంట్లో కూడా. కైలాసం గోడ దగ్గరి నుంచి ముందుకు వచ్చాడు.

"నాకు ఇష్టమే" అన్నాడు.

నేను అలాగే చెప్పాను, బల్లపెద్ద చెప్పాల్సినట్టు. "కైలాసం ఇష్టపడి ఒప్పుకున్నడు."

బుధవారం

దిగి వచ్చాడు. జాలి తీశాడు. పంపు తిరుగుతోంది. సాయంత్రానికి నీళ్ళు మెట్టు దిగాయి. ఆడవాళ్ళు మా ఇంటికి బెల్లం, జొన్నరొట్టెలు, ఒక కొత్త దుప్పటి తెచ్చి ఇచ్చారు. కైలాసం గోడకు ఆనుకుని కూర్చుని అందరికీ తల ఊపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

వాళ్ళు పోయాక తలుపు దగ్గరికి వేశాను.

"ఎట్లున్నదక్కడ?"

"మంచిగనే ఉన్నది."

"తల నొస్తున్నదా?"

"కొంచెం. నిద్రపోతె పోతది."

"మనిద్దరమే ఉన్నం. నాకు చెప్పు."

ఆయన నన్ను చూశాడు. అలా ఎప్పుడూ చూడలేదు. ఎవరో పరాయి మనిషి వచ్చి తన ముందు కూర్చున్నట్టు. "నువ్వు బల్లపెద్దవు గదా" అన్నాడు. "నాకు ఇష్టమే అని నీ ముంగటనే అంటి."

కొత్త దుప్పటి తీసి కప్పాను.

ఆదివారం

ఈ వారంలోనే మళ్ళీ దిగాడు. ఎవరూ అడగలేదు. ఒకసారి ఒప్పుకున్న పనికి మళ్ళీ బల్ల అవసరం లేదట, ఓదెలు చెప్పాడు. జాలి మూసుకుపోయినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు, ఈయన తొడుగు కట్టుకుని బయలుదేరతాడు.

ఆట దగ్గర రాజలింగం చోటు కైలాసానికి ఇచ్చారు. పొయ్యి పక్కన, వెచ్చగా ఉండే చోటు. పొడి చెక్క వేసి కూర్చోబెట్టారు. ఆయన వెళ్ళి కూర్చున్నాడు. ఒకరు వచ్చి భుజం మీద చేయి వేస్తే సర్దుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోని మనిషి. ఆ మొహంలో ఏదో వెలుగు కనిపించింది. నాకు ఎంత మంట పుట్టిందో నేనే నమ్మలేకపోయాను.

దగ్గు మొదలైంది. పొడి దగ్గు. రాజలింగం దగ్గు కూడా ఇలాగే మొదలైంది.

శనివారం

ఇవాళ మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడట. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి ఎత్తుకొచ్చారు. చాలాసేపు దగ్గి, పడుకున్నాడు. వేడి నీళ్ళలో అల్లం వేసి పట్టిస్తే సగం తాగాడు.

ఓదెలు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. కైలాసం కాళ్ళు పట్టి నొక్కాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నాకు కనిపించాయి. అవి నిజమైన నీళ్ళే. పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "ఇంక ఇంకొకలను అడగాలె సారక్కా, రేపు బల్ల పెట్టు" అన్నాడు.

ఆదివారం

ఓదెలు అడిగింది ప్రమీలను.

"ప్రమీల మూడో లెవెల్ దిగి జాలి తియ్యాలె."

ఆ పిల్లకు గీత ఉంది. తనకు నచ్చినవాడినే చేసుకుంటానని పోయిన ఏడు గీసుకుంది. ఇలాంటిదొకటి ఉంటుందని ఆ వయసులో ఎవరు అనుకుంటారు?

"మూడు" అంది. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ చెప్పించాల్సి వచ్చింది.

జనం ఓదెలు వెనక్కి నడవడం మొదలుపెట్టారు. నేను పాచికలు లెక్కపెడుతున్నాను. అప్పుడు పొయ్యి పక్క నుంచి దగ్గు వినిపించింది. కైలాసం గోడ పట్టుకుని లేచాడు. ఎవరో పట్టుకోబోతే వద్దన్నాడు. మెల్లగా నడిచి వెళ్ళి ఓదెలు వెనక నిలబడ్డాడు.

"కైలాసం, కూసో" అన్నాను.

"నా పాచిక గూడ కలుపు సారా."

"నువ్వు దిగినవ్. అక్కడేమున్నదో నీకెరుక. ఎరుకుండి ఆ పిల్లను పంపుతవా?"

జనం కదిలారు. బల్లపెద్ద అలా మాట్లాడకూడదు. కైలాసం ఊపిరి కూడదీసుకున్నాడు. "నేను పోలేదా? నాకు ఇష్టమై పోలేదా? పోవచ్చు. ఏం గాదు." ఆ మాటలు తడబడకుండా, చాలాసార్లు అనుకుని ఉన్న మాటల్లా వచ్చాయి.

పాచికలు బల్ల మీద పోసేశాను.

"నేను బల్ల దిగుతున్న. ఇంకెవలన్న కూసోన్రి."

ఎవరూ నన్ను ఆపలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. తర్వాత సుగుణవ్వ నెమ్మదిగా వచ్చి, చీర సర్దుకుని నా కుర్చీలో కూర్చుంది.

నేను నడిచి వెళ్ళి ప్రమీల వెనక నిలబడ్డాను.

"సారక్కా" అన్నాడు ఓదెలు, నచ్చజెప్పే గొంతుతో. "అడిగేటోళ్ళ ఎనుక నిలబడితెనే పాచిక. ఆడ నిలబడితె ఏం రాదు. నీకెర్కలేదా?"

"ఎరుకే" అన్నాను. కదలలేదు.

ఇంకెవరైనా ఇటు వస్తారేమోనని ఎదురుచూశాను. ఒక్కరు వచ్చినా చాలనిపించింది. ప్రమీల వీపు నా చేతికి తగులుతోంది. ఎవరూ రాలేదు. సుగుణవ్వ కొంగు పరిచి పాచికలు దొర్లించింది. ఆర్లు పడ్డాయి. ఎన్నో నేను లెక్కపెట్టలేదు, కావలసిన దానికన్నా ఎక్కువే ఉన్నాయి.

"నాకు ఇష్టమే" అంది ప్రమీల.

సోమవారం

పొద్దున ప్రమీల తొడుగు కట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి నేను అక్కడే కూర్చుని ఉన్నాను. పాత చీర చింపి, తడిపి, ముక్కుకు కట్టుకున్నాను. ఓదెలు దీపం ఇవ్వడానికి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వెందుకు సారక్కా? నిన్నెవలు అడగలే గదా."

"అడగలే" అన్నాను. "అందుకే పోతున్న."

ఆయన దీపం ప్రమీల చేతికి ఇచ్చాడు. దిగుతున్నవాళ్ళను ఆపడానికి మా దగ్గర రూల్ లేదు.

కింద ఏమీ కనిపించదు. దీపం వెలుగు నీళ్ళ మీద నల్లగా ఊగుతుంది. నడుము లోతు నీళ్ళలో పంపు దగ్గరికి చేరాం. జాలిలో బురద, తుప్పు, గడ్డి మెలికలు పడి ఉన్నాయి. నేను జాలి ఎత్తి పట్టుకుంటే ప్రమీల రెండు చేతులతో లాగింది. ఒక్క మనిషి అయితే ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఇంకో చేత్తో లాగాలి. కైలాసం అన్నిసార్లు అలాగే చేసి ఉంటాడు.

"పెద్దమ్మా" అంది ప్రమీల, లాగుతూనే. "ఆ పొద్దు కైలాసం పెద్దబాపును అడిగిననాడు నేను ఓదెలు చిన్నాయన ఎనుక నిలబడ్డ."

"సూసిన."

"నిలబడకుంటె నన్నే అడుగుతరనుకున్న."

"మాట్లాడకు. గాలి పోతది."

"అందరు అందుకే నిలబడ్డరు పెద్దమ్మా. నా పక్కనున్నోళ్ళ కాళ్ళు గూడ వణుకుతుండె."

బురద ముద్ద ఊడి వచ్చింది, పంపు గొంతు సవరించుకున్నట్టు మోగి, లాగడం మొదలుపెట్టింది. తల తిరగడం మొదలుకాక ముందే బయటపడ్డాం. ఒకరినొకరం పట్టుకుని మెట్లు ఎక్కాం. ఇద్దరం దగ్గాం గానీ ఎక్కగలిగాం.

పైన ఓదెలు ఇంకా నిలబడే ఉన్నాడు. మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూశాడు.

"జల్ది అయ్యింది" అన్నాడు. "ఇద్దరు పోతె ఇంత సులువుగ అయితదని ఇన్నిరోజులు ఎవలకు తోచలే."

"ఎట్ల తోస్తది? బల్ల దగ్గర ఒక్కలనే నిలబెట్టి అడుగుతిమి."

ఆయన ఆలోచనలో పడ్డాడు. ఒక్క క్షణం, ఈ మనిషికి అర్థమైందేమో అనుకున్నాను.

మంగళవారం

సాయంత్రం ఓదెలు ఇంటికి వచ్చాడు. మంచి కబురు మోసుకొచ్చినవాడిలా ఉన్నాడు.

"రూల్ మార్చినం సారక్కా. ఇంక ఇద్దరిద్దరిని అడగొచ్చు. పాచికలు ఒక్కపారే ఏసుడు. పడితె ఇద్దరు ఒప్పుకున్నట్టు. నీ పుణ్యాననే."

నేను గిన్నె కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

కైలాసం మంచం మీద నుంచి పిలిచాడు. "ఓదెలన్నా." ఇప్పుడు ఆయన పెద్దగా మాట్లాడలేడు. ఓదెలు దగ్గరికి వెళ్ళి వంగాడు. "నాకు భయమయ్యింది అన్నా. మొదటినాడు భయమే. ప్రతిపారి భయమే."

ఓదెలు నిలుచుని నా వైపు తిరిగాడు. ఒప్పుకున్న మనిషి అలా మాట్లాడకూడదు కదా, ఏం చేయాలో నేను చెబుతానని చూశాడు.

"నేను బల్లపెద్దను కాదు" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

తర్వాత కైలాసం చాలాసేపు మాట్లాడాడు. కొంచెం మాట్లాడి, దగ్గి, మళ్ళీ మొదలుపెట్టి. దీపం ఆరిపోయిన రోజు గోడ తడుముకుంటూ ఏడ్చాడట. పైకి వస్తే అందరూ భుజం తట్టేసరికి, నాకు నిజంగా ఇష్టమేనేమో అనుకున్నాడట. అనుకుంటే దిగడం కొంచెం సులువైందట. నేను పక్కన కూర్చుని విన్నాను.

చివరకు అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"నిన్న నువ్వెందుకు దిగినవ్?" అన్నాడు.

"ప్రమీల ఒక్కతి పోతదని."

కళ్ళు తెరిచాడు. "మరి నాతోని ఎందుకు రాలే?"

తప్పు పట్టడానికి అడగలేదు. తెలియకే అడిగాడు. జవాబు చెబుతానని నా మొహం వైపు చూస్తూ ఉన్నాడు.

నీళ్ళు తాగుతావా అని అడిగాను. తాగుతానన్నట్టు తల ఊపాడు. తల కింద చేయి పెట్టి లేపి పట్టాను.